ప్రాజెక్టు బ్యాచ్‌లో పని చేయని వారితో ఎలా నెగ్గుకురావాలి

శ్రీకాకుళంలో నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు మా ప్రాజెక్టు బ్యాచ్‌లో ఐదుగురం ఉండేవాళ్లం. పొందూరు ఖాదీ మా అంశం. 60 పేజీల నివేదికలో 50 పేజీలకు పైగా నేనూ, నా స్నేహితురాలూ కూర్చుని రాసినవే. వైవా రోజున బయటి కళాశాల నుంచి వచ్చిన ఎగ్జామినర్ మా ఇద్దరినీ పక్కన పెట్టి, మిగిలిన ముగ్గురిలో ఒకడిని, అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి ఏ చేప దవడను వాడతారని అడిగారు. వాలుగ చేప అన్న మాట మా నివేదికలో నాలుగు చోట్ల ఉంది. వాడు ఒక్క చోటా చదవలేదు. "అసలు ఇది మీరు రాసినదేనా?" అన్న ప్రశ్న ఐదుగురికీ కలిపి పడింది, మార్కులూ ఐదుగురికీ కలిపే తగ్గాయి.

ఇప్పుడు విద్యార్థుల ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటూ అదే వ్యవహారాన్ని బల్లకు అవతలి వైపు నుంచి చూస్తున్నాను. పని చేయనివాడు సోమరి కావడం వలన చెడిపోయిన ప్రాజెక్టులు కొన్ని ఉన్నాయి గానీ, ఎవరి వాటా ఏదో ఎవరికీ కనబడకపోవడం వలన చెడిపోయినవి అంతకంటే చాలా ఎక్కువ. అందువలన కింద చెప్పిన పనులలో సగానికి పైగా గొడవ రాకముందే చేయవలసినవి. మీ బ్యాచ్‌లో గొడవ ఇప్పటికే మొదలై ఉంటే మొదటి అంచెను ఒకసారి చదివి, మీరున్న చోటు నుంచి అందుకోండి.

మొదటి అంచె: బ్యాచ్ కుదిరిన వారంలోనే పని పంచుకోండి

రథం తాడు పట్టుకున్న వారందరూ లాగుతున్నట్టే కనబడతారు. నిజంగా ఎవరు ఎంత లాగుతున్నారో కొలవాలని ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు మాక్సిమిలియన్ రింగెల్మాన్ మనుషుల చేత తాడు లాగించి, ఆ లెక్కలను 1913లో ప్రచురించారు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరు పెట్టిన బలం, ఒంటరిగా లాగినప్పుడు పెట్టిన బలంలో సుమారు సగమే అయింది. అందరూ ఒకే క్షణాన లాగలేకపోవడం అందుకు కొంత కారణమే. అయితే 1974లో అమెరికాలో జరిగిన మరో ప్రయోగంలో మనిషికి కళ్లకు గంతలు కట్టి, వెనుక మరికొందరు కూడా లాగుతున్నారని నమ్మించినప్పుడు, నిజానికి అతడొక్కడే లాగుతున్నా బలం తగ్గింది. మనకు పనికివచ్చే సంగతి ఆ తర్వాతిది. 1981లో విలియమ్స్, హార్కిన్స్, లటానే అనే ముగ్గురు పరిశోధకులు గుంపు చేత కేకలు వేయించి కొలిచినప్పుడు, ఎవరి కేక ఎంతో విడివిడిగా తెలుస్తుందని చెప్పిన తర్వాత ఆ తగ్గుదల కనబడలేదు. మనుషులు వారే, గొంతులూ అవే.

కాబట్టి మొదటి సమావేశంలో చేయవలసిన పని ఒక్కటే: ప్రతి ఒక్కరి కేకా విడిగా వినబడేటట్టు పనిని ముక్కలు చేయడం. "సర్వే నువ్వు చూసుకో, టైపింగ్ వాడు చూసుకుంటాడు, మిగతాది మేం చూసుకుంటాం" అనేది పంపకం కాదు. అది రాబోయే తగాదాకు వేసిన పునాది. సరైన పంపకంలో ఎవరు, ఏమిటి, ఎప్పటికి అనే మూడూ ఉండాలి. ఆ "ఏమిటి" అనేది చేతిలో పట్టుకుని చూపించగలిగినదై ఉండాలి. పొందూరులో 40 ఇళ్ల సర్వే అనుకుంటే, ఐదుగురిలో ప్రతి ఒక్కరూ ఎనిమిది ఇళ్లకు వెళ్లి ప్రశ్నావళి నింపాలనీ, ప్రతి ప్రశ్నావళి కింద అడిగినవారి సంతకమూ తేదీ ఉండాలనీ, ఫలానా ఆదివారం సాయంత్రానికి ఆ ఎనిమిది కాగితాల ఫోటోలు గ్రూపులో పెట్టాలనీ రాసుకోండి. రాత పనిని కూడా అలాగే విడగొట్టండి: పత్తి ఏకడం నుంచి నూలు వడకడం వరకు ఒకరు, మగ్గం పని ఒకరు, కూలి రేట్లు, అమ్మకాలు ఒకరు, సర్వే పట్టికలు ఒకరు, ముందుమాట, ముగింపు ఒకరు.

టైపింగో, జిరాక్సో, స్పైరల్ బైండింగో మాత్రమే ఒకరి వాటాగా ఎప్పుడూ ఇవ్వవద్దు. ఆ పనులు తేలికని కాదు. వైవాలో వాటి మీద ఎవరూ ప్రశ్న అడగరు కనుక, ఆ మనిషికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ప్రతి ఒక్కరికీ ఊళ్లో తిరిగే పని కొంత, రాసే పని కొంత ఉండాలి.

తేదీలు వేసేటప్పుడు కళాశాల క్యాలెండరు ఒక్కదానినే చూస్తే చాలదు. విజయనగరం వారున్న బ్యాచ్‌లో దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం నాటికి గడువు పెట్టడం వృథా. నవంబరు, డిసెంబరులలో వరి కోతలు, నూర్పులు ఉన్న ఇళ్ల పిల్లలు ఆదివారాలు పొలంలోనే ఉంటారు. వేసవి సెలవులలో చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అయితే, ఉద్దానం వైపు అది జీడిపిక్కలు ఏరే కాలమని గుర్తుంచుకోండి. గైడ్ ఇచ్చిన గడువు కన్నా మీ గడువు కనీసం వారం రోజులు ముందు ఉండాలి. ఆ వారం తర్వాతి అంచెలకు అవసరమవుతుంది.

ఈ పంపకాన్ని ఒక తెల్లకాగితం మీద రాసి, ఐదుగురూ సంతకాలు పెట్టి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పిన్ చేయండి. నకలు ఒకటి గైడ్‌కు ఇవ్వండి. "ఇదంతా ఎందుకండీ, మేం స్నేహితులమే కదా" అని నా దగ్గరకు వచ్చే పిల్లలు అంటూనే ఉంటారు. స్నేహితులు కనుకనే కావాలి, ఎందుకంటే రేపు మొహమాటపడేది వారితోనే. గొడవ ముదిరాక ఇచ్చే నాలుగు పేజీల ఫిర్యాదు కన్నా, మొదటి వారంలో ఇచ్చిన ఈ ఒక్క కాగితానికి గైడ్ దగ్గర విలువ ఎక్కువ.

నివేదికను ఒకరి ల్యాప్‌టాప్‌లో కాకుండా గూగుల్ డాక్స్‌లో, ఎవరి ఖాతాతో వారు టైపు చేస్తే ఇంకా మంచిది. ఎవరు ఏ రోజున ఏ పేరా రాశారో అందులోని వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. డిగ్రీ వారి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటల పని ఉంటుంది, ఎవరి లాగ్‌బుక్ వారిదే. దానిని ఏ రోజుకారోజు నింపండి. చివరి రాత్రి ఒకరి లాగ్‌బుక్ చూసి నలుగురు ఎక్కించుకుంటే, పని చేసినవాడూ చేయనివాడూ కాగితం మీద ఒక్కటైపోతారు.

రెండో అంచె: మొదటి గడువు తప్పగానే విడిగా మాట్లాడండి

గడువు తప్పిన మర్నాడే మాట్లాడండి, నెల రోజులు లోలోపల ఉడికిపోయి కాదు. నలుగురిలో కాదు, గ్రూపులో అసలే కాదు. మన జిల్లాలలో నలుగురి ముందు మాట పడ్డవాడు పని చేయడం మాట అటుంచి, మర్నాటి నుంచి ఎదురుపడటమే మానేస్తాడు. క్యాంటీన్ దగ్గరో, బస్సు కోసం కాంప్లెక్సులో నిలబడినప్పుడో మామూలుగా కదిపితే చాలు. "ఏటిరా, ఆ ఎనిమిది ఇళ్లూ అవనేదా? ఏటైనా ఇబ్బందుందేటి?" అని అడిగి, సమాధానం వచ్చేదాకా ఆగండి. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాటతో మొదలుపెడితే జవాబుగా పోట్లాట వస్తుంది గానీ కారణం రాదు.

కారణం తెలియడమే ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే దానిని బట్టి మీరు చేయవలసిన పని మారిపోతుంది. మందస నుంచో పాతపట్నం నుంచో రోజూ వచ్చిపోయే కుర్రవాడికి సాయంత్రం సమావేశం పెడితే వాడు రాడు. అది సోమరితనం కాదు, ఆఖరి బస్సు సంగతి. ఆ సమావేశాన్ని భోజన విరామానికి మార్చండి. ఇంట్లో చీకటి పడ్డాక బయటకు పంపని అమ్మాయికి ఊళ్లో సర్వే బదులు పట్టికల పని ఎక్కువ ఇవ్వండి, లేదా పగటి పూట మరొక అమ్మాయిని జతచేసి పంపండి. ఫోన్ తప్ప మరొకటి లేనివాడు కాగితం మీద రాసి ఇవ్వనీ, కంప్యూటర్ ల్యాబులో ఇద్దరూ కూర్చుని ఎక్కించండి. ఉద్దానం గ్రామాల నుంచి వచ్చే పిల్లలలో ఇంట్లో ఒకరిని వారం వారం డయాలసిస్‌కు తీసుకువెళ్లే బాధ్యత ఉన్నవారు నాకు తెలుసు. అటువంటి సంగతి మీకు చెప్పుకున్నవాడి వాటాను నలుగురూ పంచుకుని, వాడు చేయగలిగిన చిన్న ముక్కను వాడికి ఉంచి, విషయం గైడ్‌కు వాడి చేతనే చెప్పించండి. మీరు పదిమందికీ చెప్పవద్దు.

అన్నింటికన్నా ఎక్కువగా కనబడే కారణం, ఎవరూ పైకి చెప్పని కారణం ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగులో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా పది పేజీలు ఇంగ్లీషులో రాయవలసి వచ్చినవాడు "నాకు రాదు" అనడు. "రేపు ఇచ్చేస్తాన్రా" అంటాడు. వారం పోయాక మళ్లీ అదే అంటాడు. అనుమానం వస్తే ఒక పని చేయండి: తాను చూసినదీ, విన్నదీ తెలుగులోనే రాయమనండి, రాయడం కూడా కష్టమైతే ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా చెప్పమనండి. తర్వాత ఒక గంట పక్కన కూర్చుని ఇంగ్లీషులోకి మార్చండి. నేను గైడ్‌గా చూసిన బ్యాచ్‌లలో బద్ధకస్తుడని పేరుపడిన కొందరు ఇలా అడిగితే మిగిలిన వారికన్నా మంచి సమాచారం ఇచ్చారు. నేత కార్మికులతో యాసలో మాట్లాడగలిగింది వాళ్లే మరి.

ఇవేవీ కాకుండా, పక్కవారు ఎలాగూ చేస్తారులే అన్న ధీమాతో తప్పించుకునేవారు తప్పకుండా ఉంటారు. మీరు మాట్లాడినప్పుడు వీరి దగ్గర కారణం ఉండదు, మాట మార్చడం ఉంటుంది. వీరికి కొత్త తేదీ ఒకటి ఇచ్చి, పని ఇంకా చిన్న ముక్క చేసి, వచ్చేయండి.

ఒక ప్రత్యేక రకాన్ని గురించి హెచ్చరించాలి. "ప్రింటుకూ బైండింగుకూ అయ్యే డబ్బు నేను పెట్టుకుంటాను, పని మీరు కానివ్వండి" అంటాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, చేతిలో డబ్బు ఆడని మిగతా నలుగురికి ఆశగానూ ఉంటుంది. ఒప్పుకోవద్దు. ఖర్చు ఐదుగురూ సమానంగా వేసుకోండి. ఒక్కసారి వాడి డబ్బు ముట్టుకున్నాక వాడిని పని అడిగే నోరు మీకు ఉండదు. రెడీమేడ్ ప్రాజెక్టు కొనేద్దామనేవాడి మాట కూడా ఇంతే. అదే నివేదికను పక్క కళాశాల బ్యాచ్ కూడా కొని ఉంటే, వైవాలో నిలబడేది మీరే.

మూడో అంచె: రెండో గడువూ తప్పితే రాతలో అడగండి

నోటి మాట ఒకసారి అయింది కనుక ఇప్పుడు గ్రూపులో, అందరూ చూసేటట్టు, నిందలు లేకుండా రాయండి. అర్ధరాత్రి కోపంలో రాయకుండా మర్నాడు పగటిపూట రాయండి. నేను పిల్లలకు ఇచ్చే నమూనా ఇది:

"12వ తేదీన అనుకున్న పంపకం ప్రకారం మగ్గం పని అధ్యాయం నీది. 20వ తేదీకి రావాలి, ఇంకా రాలేదు. 24వ తేదీ సాయంత్రం 5 గంటలలోపు ఎంత అయితే అంత ఇక్కడ పెట్టు. అప్పటికి రాకపోతే ఆ అధ్యాయాన్ని మేం పంచుకుని, ఆ మార్పును సార్‌కు ఇచ్చిన కాగితంలో రాస్తాం. ఏదైనా అడ్డం ఉంటే ఈ రోజే ఫోన్ చెయ్యి."

ఇందులో తేదీలు ఉన్నాయి, పని పేరు ఉంది, తర్వాత ఏమవుతుందో ఉంది. "బాధ్యత లేదు", "సిగ్గు లేదు" వంటి మాటలు లేవు. అలాంటి ఒక్క మాట ఉన్నా, రేపు ఈ మెసేజ్ గైడ్ చూసినప్పుడు తప్పు మీ వైపు కూడా కొంత కనబడుతుంది. గ్రూపులో మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టి ఉంటే తీసివేయండి. పేరు లేకుండా స్టేటస్‌లో ఎత్తిపొడుపు మాటలు పెట్టడం మన పిల్లలకు బాగా అలవాటు. దాని వలన ఇంతవరకు ఒక్క పేజీ కూడా రాలేదని మాత్రం చెప్పగలను.

నాలుగో అంచె: వారి పనిని చప్పుడు లేకుండా చేసిపెట్టవద్దు

24వ తేదీ దాటింది, ఏమీ రాలేదు. ఇక్కడే చదివే పిల్లలు నూటికి తొంభై మంది తప్పు చేస్తారు. మార్కులు పోతాయన్న భయంతో, వాడితో మాట పడలేక, రెండు రాత్రులు మేలుకుని వాడి అధ్యాయం కూడా రాసేసి, వాడి పేరు మీదే పెట్టేస్తారు. మేమూ చేసినది అదే. అలా చేసిన మరుక్షణం జరిగినదానికి సాక్ష్యం ఉండదు, వాడికి నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, గైడ్ దృష్టిలో మీ బ్యాచ్‌లో అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క.

పని ఆగకూడదు, నిజమే. కాబట్టి పని చేయండి, దానితో పాటు రాసిపెట్టండి. పాత పంపకం కాగితం కింద, ఫలానా అధ్యాయం ఫలానా తేదీ నుంచి ఫలానా ఇద్దరికి మారిందని రాసి సంతకాలు పెట్టండి. తప్పుకున్నవాడికి కూడా ఆ కాగితం చూపించండి. వాడికి పూర్తిగా సెలవు ఇవ్వకుండా, మిగిలిన వాటిలో తప్పించుకోలేని చిన్న పని ఒకటి ఇవ్వండి: రెండు పట్టికలు, లేదా ఫోటోల కింద వివరణలు. తనంతట తాను తిరిగి రావడానికి ఒక తలుపు తెరిచి ఉంచాలి. కాగితం చూశాక వచ్చినవారిని నేను చూశాను.

ఇక్కడ కొంచెం ఆగి, మీ వైపు కూడా చూసుకోవాలి. వాలుగ చేప పేరు చెప్పలేకపోయిన మా వాడు ప్రాజెక్టు మొదట్లో నాలుగు పేజీలు చేత్తో రాసి తెచ్చాడు. ఇంగ్లీషు బాగులేదని నేను వాటిని ఆ రాత్రే పక్కన పడేసి, మొత్తం నేనే తిరగరాశాను, వాడికి ఒక్క మాట చెప్పలేదు. వాడు తర్వాత వచ్చి చూసుకుంటే తన వాక్యం ఒక్కటీ లేదు. ఇక ఆ తర్వాత వాడు ఏమీ రాయలేదు, "మీరే బాగా రాస్తారు కదా" అని ఊరుకున్నాడు. ఇతరులు ఇచ్చిన పనిలో మీరు సగానికి పైగా మార్చవలసి వస్తే, మార్చే ముందు వారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అంత తీరిక లేకపోతే ఎందుకు మార్చారో రెండు మాటలైనా చెప్పండి. బ్యాచ్ లీడర్ గడువుకు ముందే అన్నీ తానే చేసేసి, తర్వాత ఎవరూ చేయలేదని వాపోవడం నేను ఏటా చూస్తాను.

ఐదో అంచె: గైడ్ దగ్గరకు వెళ్లడం

చివరి గడువుకు కనీసం రెండు వారాల ముందు వెళ్లండి. సమర్పించే రోజు ఉదయం వెళ్లి చెబితే ఏ గైడ్ అయినా చేయగలిగేది ఏమీ ఉండదు, విసుక్కోవడం తప్ప. వెళ్లే ముందు ఆ మనిషికి చెప్పే వెళ్లండి: "రేపు సార్‌ని కలుస్తున్నాం, నువ్వు కూడా రా, నీ మాట నువ్వే చెప్పుకో." వెనుక నుంచి వెళ్లి చెప్పారన్న మాట అప్పుడు మీ మీద ఉండదు. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. స్టాఫ్ రూములో పదిమంది అధ్యాపకులున్న వేళ కాకుండా, ముందుగా అడిగి, వారు చెప్పిన సమయానికి వెళ్లండి.

పంపకం కాగితం, గ్రూపులోని మెసేజ్, ఇంతవరకు అయిన పని, ఈ మూడూ పట్టుకువెళ్లండి. మాట ఇలా ఉండవచ్చు: "సార్, మా పని ఇంతవరకు వచ్చింది. ఈ అధ్యాయం రెండు గడువులు దాటినా రాలేదు, అందుకని మేం ఇలా పంచుకున్నాం. ఇది మీ దృష్టిలో ఉండాలని వచ్చాం. ఇంకేమైనా మార్పు చేయాలా, చెప్పండి సార్." శిక్ష వేయమని అడగవద్దు, సలహా అడగండి. శిక్ష అడిగితే గైడ్ ఇరు పక్షాల వాదనలు వినే న్యాయమూర్తిగా మారవలసి వస్తుంది. సలహా అడిగితే మీ పక్కన నిలబడతారు. పేరు తీసివేయాలన్న నిర్ణయం ఎట్టి పరిస్థితిలోనూ మీరు తీసుకోవద్దు. అది గైడూ, విభాగాధిపతీ తేల్చవలసిన విషయం.

"అవన్నీ నాకు తెలీదు, మీలో మీరు చూసుకోండి" అనే గైడ్‌లు కూడా ఉంటారని ఈ వృత్తిలో ఉండి ఒప్పుకోవాలి. అప్పుడు వాదించకండి. "సరే సార్, నివేదిక చివర ఎవరు ఏ భాగం చేశారో ఒక పేజీ పెట్టుకోవచ్చా?" అని అడగండి. దీనికి కాదనేవారు అరుదు. పని చేయనివాడు ఎవరికో బంధువైనా, కళాశాలలో పలుకుబడి ఉన్నవాడైనా కూడా ఇదే దారి. మనుషుల గురించి మాట్లాడకుండా పేజీల గురించి మాట్లాడండి.

ఆరో అంచె: నివేదిక, వైవా

ఆ పేజీలో విశేషణాలు వద్దు. పేరు, చేసిన సర్వే ఇళ్ల సంఖ్య, రాసిన అధ్యాయాలు, అంతే. చేయనివాడి ఎదురుగా ఉన్న ఖాళీ మీరు చెప్పవలసినదంతా చెబుతుంది. పేజీ కింద ఐదుగురూ సంతకం చేయాలి. వాడు చేయనంటే బలవంతం చేయకుండా, గైడ్ చేత చూసినట్టు సంతకం పెట్టించుకోండి.

వైవాకు రెండు రోజుల ముందు గంటసేపు అందరూ కూర్చుని, ఒకరి భాగం మీద మరొకరు ప్రశ్నలు వేసుకోండి. పని చేయనివాడిని కూడా పిలవండి. మీ రాతను తన రాతగా చెప్పుకోవడం వాడికి నేర్పవద్దు గానీ, నివేదికలో ఏముందో ఒకసారి విననివ్వండి. మాకు ఆ గంట లేకపోవడం వలననే ఐదుగురి మార్కులూ పోయాయి. పీపీటీలో ఎవరు రాసిన స్లైడు వారే చెప్పండి. ఎగ్జామినర్ నేరుగా "ఇది ఎవరు చేశారు?" అని అడిగితే, "ఆ అధ్యాయం నేను రాశాను సార్, సర్వే నలుగురం చేశాం" అన్నంత వరకే చెప్పండి. ఐదోవాడి గురించి వారు అడిగితే, ఆ సమాధానం వాడినే చెప్పుకోనివ్వండి.

పంపకం కాగితాన్నీ, నింపిన ప్రశ్నావళులనూ, లాగ్‌బుక్ జిరాక్సునూ నివేదిక ఇచ్చేసిన రోజునే పారేయవద్దు. గ్రూపు చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకుని, మార్కుల మెమో చేతికి వచ్చేదాకా అన్నీ ఒకే ఫైలులో ఉంచండి.